పాత పాటకు కొత్త ప్లేటు

ఎప్పుడో విడుదలై అంగళ్లలో దొరక్కుండా పోయిన రికార్డును మళ్లీ అచ్చు వేసి అమ్మడాన్ని రీఇష్యూ అంటారు. రీఇష్యూలన్నీ ఒక తీరువి కావు. సీడీ కోసం ఎన్నడో తయారైన డిజిటల్ ఫైలునే వినైల్ ప్లేటు మీదికి ఎక్కించి, పాత అట్ట బొమ్మ తొడిగి అమ్మేవి చాలా ఉంటాయి. కొన్ని మాత్రం తొలిసారి రికార్డు చేసిన నాటి టేపును వెతికి పట్టుకుని, దాని మంచిచెడ్డలు చూసుకుని, గాడిని కొత్తగా చెక్కించి, మేలైన ముడిసరుకుతో కొద్ది ప్రతులే అచ్చు వేస్తాయి. ధ్వని నాణ్యత దగ్గర రాజీపడని శ్రోతలకు ఆడియోఫైళ్లు అని పేరు. వాళ్ల కోసం తయారయ్యేది కాబట్టి ఈ రెండో రకాన్ని ఆడియోఫైల్ రీఇష్యూ అంటున్నారు. అమెరికా, ఐరోపా, జపాన్‌లలో ఇది ఇప్పుడు చిన్నదే అయినా నిలదొక్కుకున్న పరిశ్రమ. కడప, కర్నూలు ఇళ్లలో అటకల మీద పడి ఉన్న పాత ప్లేట్లకు ఇందులో ఏం పని అన్నది ప్లేటు పుట్టుక నుంచి చూస్తే తెలుస్తుంది.

పెద్దవాళ్లు గ్రామఫోను ప్లేటు అన్నది లక్కతో చేసినది. నిజానికి అందులో లక్క పాలు తక్కువ, రాతిపొడి పాలు ఎక్కువ. ఉక్కు ముల్లు రాపిడికి ప్లేటు అరిగిపోకుండా సున్నపురాయి, పలకరాయి, బెరైటీస్ వంటి ఖనిజాల పొడి కలిపేవారు. దాన్నంతా పట్టి ఉంచే బంక మాత్రమే లక్క. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట గనుల్లో ముగ్గురాయి పేరుతో తవ్వే ఖనిజం ఈ బెరైటీసే. పాత రికార్డులో పాట వెనక ఎడతెగకుండా వినిపించే సరసర చప్పుడుకు చాలావరకు కారణం ఆ రాతిపొడే. మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ తొలి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. 1908లో అక్కడే సీల్దాలో ప్లేట్ల కర్మాగారం వెలిసింది. తర్వాత 1928లో అది డండంకు మారింది. నిమిషానికి 78 తిరుగుళ్లు తిరిగే 10 అంగుళాల ప్లేటులో ఒకవైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు పాట మాత్రమే. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైల్‌తో చేసిన లాంగ్ ప్లే (ఎల్‌పీ) రికార్డును తెచ్చాక ఆ హద్దు పోయింది. నిమిషానికి 33⅓ తిరుగుళ్లతో ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. రాతిపొడి లేదు కాబట్టి సరసర కూడా బాగా తగ్గింది.

రాయలసీమ గొంతు ఈ ప్లేట్ల మీదికి నాటకం దారిన కొంత, సినిమా దారిన కొంత వచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆటతో మొదలైన సురభి సంప్రదాయం, పద్యమంటే చెవి కోసుకునే శ్రోతలను ఊరూరా తయారుచేసింది. కడపలో పుట్టిన పసుపులేటి కన్నాంబ నాటకం నుంచి సినిమాకు వెళ్లి, నటిగా ఎంత పేరు తెచ్చుకున్నారో గ్రామఫోను గాయనిగానూ అంత పేరు తెచ్చుకున్నారు. రంగస్థలం మీద పద్యం చివర రాగాన్ని ఇష్టమున్నంతసేపు లాగే నటులు, స్టూడియోలో మూడు నిమిషాల లోపల ముగించాల్సి వచ్చింది. ఆ నాటి పద్యాల రికార్డుల్లో కనిపించే బిగువు ఆ హద్దు పెట్టిన భిక్షే. ఇక సినిమాల సంగతికి వస్తే, కడప జిల్లా నుంచి మద్రాసు వెళ్లిన బి.ఎన్.రెడ్డి 1951లో మల్లీశ్వరిని తీశారు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి చక్రపాణితో కలిసి 1957లో మాయాబజార్‌ను నిర్మించారు. ఈ పాటలన్నీ లక్క ప్లేట్ల మీద ఇంటింటికీ చేరినవే.

మల్లీశ్వరి పాటను ఈనాడు రీఇష్యూ చేయదలచినవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, దేన్ని ఆధారం చేసుకోవాలన్నది. ఆ రోజుల్లో సినిమా ధ్వని ఫిల్ము అంచున కాంతి చారగా అచ్చయ్యేది. అదొక ఆధారం. రికార్డు కంపెనీ దగ్గర మిగిలిన టేపో, లోహపు అచ్చో ఉంటే అది రెండోది. ఆ రెండూ చెడిపోతే ఎవరి ఇంట్లోనో గీతలు పడకుండా మిగిలిన లక్క ప్లేటే దిక్కు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ తన బంగళాలో పండితులను పెట్టి చేయించిన పని సరిగ్గా ఇటువంటిదే. ఒక్క గ్రంథానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, లేఖకులు చేర్చిన తప్పులు ఏరివేసి, మూలానికి దగ్గరైన పాఠాన్ని నిలబెట్టేవారు. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కింది అటువంటి శ్రమ మీదే. టేపుకు టేపు తీసిన ప్రతిసారీ బుసబుస పెరుగుతుంది, పైస్థాయి స్వరాల మెరుపు తగ్గుతుంది. అందుకే రీఇష్యూ అట్ట మీద ఏ ఇంజనీరు పేరుందో చూసే ముందు, ఏ టేపు నుంచి చేశారన్నది చూడాలి. ఆధారం మూడో తరం నకలైతే ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా పోయినది తిరిగి రాదు.

టేపు దొరికినంత మాత్రాన పని అయిపోదు. 1970ల నుంచి వచ్చిన కొన్ని టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది. యంత్రం మీద తిప్పితే పొడి రాలి ధ్వని శాశ్వతంగా పోతుంది. అటువంటి టేపును 50 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఉంచి, జిగురు తాత్కాలికంగా గట్టిపడగానే నకలు తీసుకుంటారు. టేపు మీద చదివే హెడ్ కోణం తొలి రికార్డింగునాటి కోణంతో కలవకపోతే గొంతు ముసుగు వేసినట్టు వినిపిస్తుంది. దాన్ని చెవితోనూ పరికరాలతోనూ సరిచేసుకోవాలి.

ప్లేటే ఆధారమైనప్పుడు వేగం కూడా తేలాలి. 78 అని పేరేగానీ ఆ కాలపు రికార్డులన్నీ కచ్చితంగా 78 తిరుగుళ్లతో చేసినవి కావు. నాలుగైదు తిరుగుళ్లు తేడా వస్తే శ్రుతి ఏకంగా ఒక స్వరస్థానం జరిగిపోతుంది, గాయకుడి గొంతే వేరే మనిషిదిలా వినిపిస్తుంది. పద్యాల రికార్డుల్లో ఇక్కడ అక్కరకు వచ్చేది హార్మోనియం. దాని మెట్లు స్థిరం కాబట్టి, ప్లేటులో వినిపించే శ్రుతి రెండు మెట్ల నడుమ ఎక్కడో పడితే వేగాన్ని అనుమానించవచ్చు. ముల్లు కూడా ముఖ్యమే. లక్క ప్లేటు గాడి ఎల్‌పీ గాడికన్నా మూడు నాలుగు రెట్లు వెడల్పు. సన్నని ఎల్‌పీ ముల్లు దాని అడుగున దుమ్ములో ఈడ్చుకుపోతుంది. తగిన మందం ఉన్న ముల్లు పెడితే, పాత ఉక్కు ముళ్లు అరగదీయని పైగోడను అది తాకుతుంది. అంతవరకు పనికిరాదనుకున్న ప్లేటు నుంచి శుభ్రమైన గొంతు వస్తుంది.

తర్వాతిది గాడి చెక్కే పని. ఈ కళకు ఇదే ప్రాణం. అల్యూమినియం పళ్లెం మీద లాకర్ పూత పూసిన మెత్తని డిస్కును లేత్ మీద తిప్పుతూ, వేడిచేసిన కెంపు లేదా నీలం మొనతో గాడి చెక్కుతారు. చెక్కగా లేచే సన్నని దారం వెంటనే అంటుకునే స్వభావం గలది కాబట్టి గొట్టంతో పీల్చేస్తూ ఉండాలి. మంద్ర స్వరాలకు గాడి అటూ ఇటూ ఎక్కువ ఊగి పక్క గాడిలోకి చొరబడుతుంది. అందుకని చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు, వినేటప్పుడు ఆంప్లిఫయర్ దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954లో స్థిరపడ్డ ఈ కొలతను ఆర్ఐఏఏ వక్రరేఖ అంటారు.

చెక్కేవారిని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ప్లేటు లోపలి భాగం. తిరుగుళ్ల సంఖ్య మారదు గానీ వృత్తం చిన్నదవుతూ పోతుంది. ఎల్‌పీ బయటి అంచున సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద సాగితే, లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే సాగుతుంది. అంటే అంతే ధ్వనిని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి. స, శ, ష, చ అక్షరాలు అక్కడ గరగరలాడతాయి. సంస్కృత సమాసాలు నిండిన తెలుగు పాటకు, స్తోత్రానికి ఇది చిన్న చిక్కు కాదు. మంచి ఇంజనీరు ఆ అక్షరాలు వచ్చే చోటును ముందే గుర్తుపెట్టుకుని, ఆ క్షణం వరకే తారస్థాయిని వేలితో తగ్గించి మళ్లీ పెంచుతాడు. ఒక వైపున ఎన్ని నిమిషాలు పెట్టాలో కూడా ఆయనే తేలుస్తాడు. ఒక్క ఎల్‌పీని 45 తిరుగుళ్ల రెండు ప్లేట్లుగా విడగొట్టి అమ్మడం వెనకా ఈ లెక్కే ఉంది. అమెరికాలో 1977లో మొదలైన మొబైల్ ఫిడెలిటీ కంపెనీ టేపునూ లేత్‌నూ రెండిటినీ సగం వేగంతో తిప్పి చెక్కే పద్ధతికి పేరు తెచ్చింది. ఆ ప్లేట్లను చెక్కిన స్టాన్ రికర్ ఈ రంగంలో తొలి తరం పేరు. తర్వాత బెర్నీ గ్రండ్‌మన్, కెవిన్ గ్రే వంటివారి సంతకం ప్లేటు లోపలి అంచున ఉందా లేదా అని శ్రోతలు భూతద్దం పెట్టి చూసే రోజులు వచ్చాయి. 2019లో బ్లూ నోట్ కంపెనీ టోన్ పొయెట్ వరుసను మొదలుపెట్టినప్పుడు జాజ్ టేపుల ఎంపిక జో హార్లీ చూసుకుంటే, చెక్కడం కెవిన్ గ్రే చేతిలో పెట్టారు. వీరు వాడే నోయ్‌మన్, స్కల్లీ లేత్‌లు కొత్తగా ఎక్కడా తయారు కావడం లేదు. ఉన్నవాటినే విడిభాగాలు చేయించుకుని నడుపుకోవాలి. లాకర్ డిస్కుల పరిస్థితి మరీ నాజూకు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బ్యానింగ్‌లో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోవడంతో ప్రపంచమంతా జపాన్‌లోని ఒకే ఒక్క తయారీదారు మీద ఆధారపడవలసి వచ్చింది. లాకర్‌కు బదులు రాగి మీద నేరుగా చెక్కే పద్ధతి జర్మనీలో 1980లలో వచ్చింది. తాళ్లపాక కవుల సంకీర్తనలను వందల ఏళ్లు కాపాడినవీ రాగిరేకులే కావడం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

చెక్కిన డిస్కుకు వెండి పూత పూసి, దాని మీద నికెల్ పెంచి విడదీస్తే గాడులు గట్లుగా తిరగబడిన అచ్చు వస్తుంది. దాని నుంచి తల్లి అచ్చు, తల్లి నుంచి స్టాంపర్ తీస్తారు. రెండు స్టాంపర్ల మధ్య వేడి వినైల్ ముద్ద పెట్టి ఆవిరి యంత్రంతో నొక్కితే ప్లేటు తయారు. ఒక్కో స్టాంపర్ వెయ్యి ప్రతుల ప్రాంతంలో అరిగిపోతుంది. 180 గ్రాముల ప్లేటు అని అట్టల మీద పెద్దక్షరాలతో వేసే మాటకు ధ్వనితో ఉన్న సంబంధం తక్కువ. బరువైన ప్లేటు వంగకుండా నిలుస్తుంది, అంతవరకే. దానికన్నా వినైల్ శుద్ధి, చల్లారేదాకా ఆగే ఓపిక ముఖ్యం. కాన్సస్ రాష్ట్రం సలైనాలో రీఇష్యూలు తెచ్చే చాడ్ కాసెమ్ 2011లో సొంతంగా ప్రెస్సింగ్ కర్మాగారం పెట్టుకున్నది ఈ విషయంలో ఇతరుల తొందరను నమ్మలేకే.

ఈ పరిశ్రమ మొత్తం నమ్మకం మీద నడుస్తుంది. టేపు నుంచి నేరుగా చేశామంటే కొనేవాడు ఇంట్లో కూర్చుని రుజువు చేసుకోలేడు. 2022లో మొబైల్ ఫిడెలిటీ తన రీఇష్యూల్లో చాలావాటికి నడుమ డిజిటల్ మెట్టు వాడుతోందని బయటపడినప్పుడు పెద్ద గొడవైంది, కోర్టు దాకా వెళ్లింది. ఆ ప్లేట్లు వినడానికి బాగుండకపోవడం కాదు సమస్య. బాగున్నాయని మెచ్చుకున్నవారే ఎక్కువ. కొనేవారికి చెప్పకపోవడమే తప్పు. ఆ తర్వాత ఏ ఆధారం నుంచి, ఏ మెట్ల మీదుగా ప్లేటు తయారైందో అట్ట మీద అచ్చు వేసే అలవాటు బలపడింది. పాత పాటను మళ్లీ అమ్మే ప్రతి కంపెనీ పాటించదగిన మర్యాద ఇది.

తెలుగులో ఈ పనికి పునాది వేసినవారు కంపెనీల మనుషులకన్నా సేకర్తలే. చెన్నైలో స్థిరపడిన వి.ఎ.కె.రంగారావు వేల కొద్దీ 78 తిరుగుళ్ల ప్లేట్లు కూడబెట్టి, ఏ పాట ఎవరు పాడారు, ఏ నంబరుతో వచ్చింది అన్నది పాఠకులకు తెలియజేశారు. నాగిరెడ్డి సంస్థ నుంచి వెలువడిన విజయచిత్ర పత్రికలో ఆయన నడిపిన ఆలాపన శీర్షికను సంగీతాభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. పాత తెలుగు పాటలను ఏరి హెచ్‌ఎంవీకి సంకలనాలు కూర్చిందీ ఆయనే. ముంబైలో 1990లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ దేశవ్యాప్తంగా సేకర్తలను ఒకచోటికి తెచ్చింది. విక్రమ్ సంపత్ బెంగళూరులో ప్రారంభించిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ లక్క ప్లేట్లను డిజిటల్ రూపంలోకి మార్చి అందరికీ వినిపిస్తోంది. సినిమా వైపు చూస్తే, హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2010లో మాయాబజార్‌కు రంగులు అద్దినప్పుడు ధ్వనిని కూడా బాగుచేసి కొత్త థియేటర్లకు తగ్గట్టు మలిచింది. రంగుల గురించి రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. పాత ఫిల్ము మీది ధ్వనిని అంత శ్రద్ధగా పట్టించుకోవడం మాత్రం తెలుగులో అరుదైన పని.

ఆడియోఫైల్ స్థాయి రీఇష్యూకు అర్హమైన తెలుగు రికార్డుల్లో ముందు చెప్పుకోవలసినది శ్రీ వేంకటేశ్వర పంచరత్నమాల. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆలోచనతో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పాడగా హెచ్‌ఎంవీ ఐదు ఎల్‌పీలుగా తెచ్చిన సంపుటమిది. ఉమ్మడి కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలు ఇందులో ఉన్నాయి. వాటిలో కొన్నిటికి బాణీలు కట్టినది నేదునూరి కృష్ణమూర్తి. అంతకు ముందు రాగిరేకుల మీది సాహిత్యాన్ని పరిష్కరించి, స్వరపరిచి జనంలోకి తెచ్చినవారిలో అనంతపురం జిల్లావాసి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ముఖ్యులు. ఐదు ప్లేట్ల నిండా స్తోత్రాలు, సంకీర్తనలు కాబట్టి పైన చెప్పిన స, శ, ష ల చిక్కు ఇందులో అడుగడుగునా ఉంటుంది. నేర్పరి చేత కొత్తగా చెక్కిస్తే తేడా వినిపించేది ఇటువంటి రికార్డుల్లోనే. 1974లో ఘంటసాల మరణానంతరం వెలువడిన భగవద్గీత రెండోది. గుళ్లలో, పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో మైకుసెట్ల మీద మోగి మోగి దాని పాత ప్రతులు చాలావరకు అరిగిపోయాయి. గీతలు లేని ప్రతి దొరకడం కష్టం.

హక్కుల సంగతి కూడా తెలుసుకోదగినది. భారత చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలైన 60 ఏళ్లకు ముగుస్తుంది. రచన మీద హక్కు మాత్రం రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. మల్లీశ్వరి రికార్డుల మీది ధ్వని హక్కు గడువు ముగిసిపోయింది. ఆ పాటలు రాసి 1980లో కన్నుమూసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం మీది హక్కు మాత్రం 2040 దాకా నడుస్తుంది. అందువల్ల పాత ప్లేటు చేతిలో ఉన్నంత మాత్రాన అచ్చు వేసి అమ్ముకోవడానికి వీలుండదు.

హెచ్‌ఎంవీ పేరుతో రికార్డులు తెచ్చిన గ్రామఫోన్ కంపెనీయే 2000లో సారెగమగా మారింది. పాత హిందీ సినిమాల ఎల్‌పీలను అది మళ్లీ విడుదల చేస్తోంది. వాటితో పోలిస్తే తెలుగువాటి వంతు చాలా తక్కువ. దేశంలో ప్రెస్సింగ్ ఆగిపోయిన కాలంలో ప్లేట్లు విదేశాల్లో అచ్చయి రావలసి వచ్చేది, ధర అందుకే ఆకాశంలో ఉండేది. 2024లో ముంబై ప్రాంతంలో మళ్లీ ఒక ప్రెస్సింగ్ కర్మాగారం పని మొదలుపెట్టడంతో చిన్న సంఖ్యలో ప్రతులు వేయించుకునే వీలు వచ్చింది. దేవస్థానం, విశ్వవిద్యాలయాలు, సినిమా సంస్థలు పూనుకుంటే తెలుగు రీఇష్యూలు ఇక్కడే తయారవుతాయి. పూనుకోవడానికి ముందు టేపులు ఎక్కడున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో జాబితా వేయడం అవసరం. టేపు ఆయుష్షు ప్లేటు ఆయుష్షు కన్నా తక్కువ.

ఈలోగా ఇళ్లలో ఉన్న ప్లేట్లు కాపాడుకోవాలి. పొడి వాతావరణం వల్ల కోస్తా ఇళ్లలోలాగా రాయలసీమలో అట్టలకు, లేబుళ్లకు బూజు అంతగా పట్టదు. అయితే పొడిగాలికి వినైల్ మీద స్థిర విద్యుత్తు పేరుకుని దుమ్మును లాక్కుంటుంది, చిటపటలు దానివల్లే. మే నెలలో కర్నూలు, నంద్యాలల్లో ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు మిద్దె కింది అటక మీద, ఎండలో నిలిపిన కారులో వినైల్ ప్లేటు అప్పడంలా వంగుతుంది. ప్లేట్లను పడుకోబెట్టి దొంతి పెట్టకూడదు. పుస్తకాల్లా నిలువుగా, కింది గదిలో, గోడకు ఎండ తగలని వైపు పెట్టాలి. ప్లేయరు కింద కదలని బరువైన పీట ఉండాలి. గోడలోకి దిగేసిన కడపరాయి అర అందుకు భేషుగ్గా పనికొస్తుంది. లక్క ప్లేటును స్పిరిటుతో ఎన్నడూ తుడవకూడదు, లక్క స్పిరిటులో కరిగిపోతుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము తీసి, లేబుల్ తడవకుండా శుద్ధమైన నీటితో తుడిచి ఆరబెడితే చాలు.

ఇంట్లో తాతల నాటి ప్లేట్లు ఉన్నవారు పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక పని చేయాలి. లేబుల్ మీద ఉన్న కంపెనీ పేరు, రికార్డు నంబరు, గాయకుల పేర్లు, లేబుల్ చుట్టూ నున్నటి భాగంలో గీసి ఉన్న అంకెలు రాసుకుని, రెండు వైపులా ఫోటో తీసి, సేకర్తల సంఘాలకో ధ్వని భాండాగారాలకో పంపాలి. కంపెనీ దగ్గర టేపు మిగలని పాటకు ఆ ఒక్క ప్లేటే ఆధారం కావచ్చు.